మూగవోయిన యంత్రాలు

దూరవాణి సంస్థ అనగానే మనకు స్ఫురించేది చేతిలోని సెల్‌ఫోను. వ్యర్థాల ప్రసక్తి వచ్చినప్పుడు కూడా మన ఆలోచన ఆ ఫోను దగ్గరే ఆగిపోతుంది. పాడైన ఫోనును ఎవరికివ్వాలి, పాత ఛార్జరును ఎక్కడ వేయాలి అని ప్రశ్నించుకొంటాం. ఆ ప్రశ్న అవసరమైనదే. అయితే ఆ ఫోను ఒక మహావృక్షపు కొమ్మ చివర వేలాడే ఆకు వంటిది. దాని వెనుక ఊరూరా నిలిచిన టవర్లు, టవరు కింద బ్యాటరీలు, వాటి పక్కన డీజిల్ జనరేటర్లు, భూమిలో పూడ్చిన కేబుళ్లు, ఎక్స్ఛేంజి భవనాలలో బీరువాల వలె వరుసదీరిన యంత్రాలు ఉన్నాయి. ఇవన్నీ ఏదో ఒకనాడు పనికిరానివవుతాయి. ఆకు రాలితే అందరికీ కనిపిస్తుంది. వేరు కుళ్లితే ఎవరికీ కనిపించదు. దూరవాణి సంస్థల వ్యర్థాలలో ఆ కనిపించని భాగమే ఈ పాఠానికి విషయం.

భారతదేశంలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ప్రారంభమయ్యాయి. తొలినాళ్లలో ఆపరేటరు తన చేతితో తీగలు కలిపి ఇద్దరి మధ్య మాట నడిపించేవారు. ఆ పనిని యంత్రానికి అప్పగించిన వ్యక్తి అమెరికాలోని కాన్సాస్ నగరవాసి ఆల్మన్ స్ట్రోజర్. ఆయన వృత్తి అంత్యక్రియల నిర్వహణ. తనకు రావలసిన పిలుపులను ఆపరేటరు తన పోటీదారునికి మళ్లిస్తున్నదన్న అనుమానంతో, అసలు ఆపరేటరే అక్కరలేని స్విచ్చును ఆయన కనిపెట్టాడని చెప్పుకొంటారు. 1891లో దానికి పేటెంటు లభించింది. అనుమానం నిజమో కాదో గాని, ఆ యంత్రం ప్రపంచమంతటా అనేక దశాబ్దాలు పనిచేసింది. మన దేశపు ఎక్స్ఛేంజీలలో కూడా దాని టకటక చప్పుళ్లు చాలాకాలం వినిపించాయి.

స్ట్రోజర్ స్విచ్చుకు ఒక సుగుణం ఉన్నది. అరిగిన భాగం ఏదో కంటికి కనిపిస్తుంది. మెకానిక్కు వచ్చి, మొనను తుడిచి, స్ప్రింగును సవరించి, అవసరమైతే ఆ ఒక్క ముక్కను మార్చి వెళ్లేవాడు. ఆ తరువాత క్రాస్‌బార్ ఎక్స్ఛేంజీలు, వాటి వెంట ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చాయి. స్థలం తగ్గింది, వేగం పెరిగింది, రాంగ్ నంబర్ల బాధ తగ్గింది. దానితో పాటు మరొక మార్పు కూడా నిశ్శబ్దంగా జరిగింది. బాగుచేయదగిన వస్తువు స్థానంలో మార్చివేయదగిన వస్తువు వచ్చి చేరింది. ఎలక్ట్రానిక్ కార్డులో ఒక చిప్పు చెడితే సాధారణంగా కార్డు మొత్తాన్ని తీసివేస్తారు. ఆ కార్డును తయారుచేసిన సంస్థ దానిని ఉత్పత్తి చేయడం మానుకొంటే, ఒక్కొక్కప్పుడు కార్డు వెంట యంత్రం మొత్తం మూలపడుతుంది. యంత్రం చావకుండానే దానికి ఆయువు తీరుతుందన్నమాట.

ఈ ఆయువును నిర్ణయించేది యంత్రాన్ని గీసే బల్ల దగ్గర కూర్చున్న ఇంజనీరు. 1984లో భారత ప్రభుత్వం స్థాపించిన సి-డాట్ సంస్థ గ్రామాల కోసం 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజిని రూపొందించింది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో అటువంటి మొదటి ఎక్స్ఛేంజి పనిచేయడం మొదలుపెట్టింది. దాని విశేషం పరిమాణంలో కంటె తట్టుకొనే గుణంలో ఉన్నది. విదేశాలలో తయారైన ఎక్స్ఛేంజీలకు ఎయిర్ కండిషనర్లు లేనిదే ప్రాణం నిలవదు. కిత్తూరులో పెట్టిన యంత్రం మన ఎండకు, దుమ్ముకు ఓర్చుకొని శీతలీకరణ లేకుండానే నడిచింది. ఎయిర్ కండిషనరు అక్కరలేనప్పుడు దానికి కావలసిన విద్యుత్తు, దానిలోని శీతలవాయువు, కొన్నేళ్లకు మూలపడే దాని కంప్రెసరు, ఇవేవీ ఉండవు. వ్యర్థాన్ని తగ్గించడమంటే చెత్తను చక్కగా సర్దడం అనుకొంటాం. పుట్టకుండా చేసిన వ్యర్థాన్ని సర్దవలసిన అవసరమే లేదు. ఈ దృష్టితో చూస్తే సి-డాట్ ఇంజనీర్లు పర్యావరణం అనే మాట ఎత్తకుండానే పర్యావరణానికి మేలు చేసినవారు.

ఇక భూమిలోని కేబుళ్ల సంగతి చూద్దాం. టెలిఫోను వచ్చిన తొలి రోజులలో రాగి తీగలకు కాగితం చుట్టి, ఆ కట్టనంతటినీ నీరు చేరకుండా సీసపు తొడుగులో ఉంచేవారు. తరువాతి దశాబ్దాలలో సీసానికి బదులుగా పాలిథీన్ తొడుగు వచ్చింది. తీగల మధ్య ఖాళీలలోకి నీరు పాకకుండా పెట్రోలియం జెల్లీ నింపసాగారు. మన దేశంలో వీధుల వెంట తవ్వి పూడ్చినవాటిలో ఈ జెల్లీ కేబుళ్లు విస్తారంగా ఉన్నాయి. వీటిలో ఎంత లోహం దాగి ఉన్నదో చిన్న లెక్క వేసి చూడవచ్చు. అర మిల్లీమీటరు మందం గల రాగి తీగ కిలోమీటరు పొడవుకు దాదాపు ఒకటి ముప్పాతిక కిలోల బరువు తూగుతుంది. టెలిఫోనుకు కావలసినది తీగల జత కనుక జతకు మూడున్నర కిలోలు. నూరు జతల కేబులు ఒక్క కిలోమీటరు పొడవున 350 కిలోల రాగిని మోస్తున్నది. ఒక నగరంలో ఇటువంటి కేబుళ్లు ఎన్ని వందల కిలోమీటర్లు ఉంటాయో ఊహించుకోవచ్చు. మన వీధుల కింద ఒక రాగి గని ఉన్నదని అంటే అతిశయోక్తి కాదు.

ఇప్పుడు ఆ గని మూతపడుతున్నది. వెంట్రుక వంటి గాజు నారలో కాంతి రూపంలో సమాచారాన్ని పంపే ఆప్టికల్ ఫైబర్ రాగి స్థానాన్ని ఆక్రమించింది. పాత రాగిని ఏం చేయాలన్న ప్రశ్నకు దేశదేశాలలో భిన్నమైన సమాధానాలు కనిపిస్తాయి. బ్రిటన్‌లోని బి.టి. సంస్థ తన భూగర్భ గొట్టాలలోని పాత కేబుళ్లను బయటకు లాగి, రాగిని పునశ్శుద్ధి సంస్థకు అమ్ముతున్నది. ముందు ముందు తీయబోయే రాగికి గాను 10 కోట్ల 50 లక్షల పౌండ్లు ముందుగానే పుచ్చుకొన్నదని 2024లో వెల్లడైంది. పాత కేబులు తీసిన గొట్టంలో కొత్త ఫైబరుకు చోటు దొరకడం దీనిలోని మరొక లాభం. రోడ్డును మళ్లీ తవ్వనవసరం లేదు. తవ్విన మట్టి, పగిలిన తారు, కొత్త సిమెంటు గొట్టాలు కూడా వ్యర్థాల ఖాతాలో చేరేవేనని మనం సాధారణంగా మరచిపోతాం.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ అమెరికాలో కనిపిస్తుంది. సీసపు తొడుగు గల పాత కేబుళ్లను అక్కడి సంస్థలు వాడకం మానిన తరువాత ఉన్నచోటనే వదలివేశాయి. తవ్వి తీసేందుకు ఖర్చవుతుంది. వదలివేస్తే ఖర్చు లేదు. అటువంటి కేబుళ్లు రెండువేలకు పైగా నేలలోను, నీటిలోను, స్తంభాల మీదను మిగిలి ఉన్నాయని 2023లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక బయటపెట్టింది. కాలిఫోర్నియా సరిహద్దులోని టాహో సరస్సు అడుగున పడి ఉన్న రెండు పాత కేబుళ్ల విషయమై కొన్ని సంవత్సరాలు న్యాయవివాదం నడిచింది. చివరకు 2024లో వాటిని వెలికి తీశారు. తాతలనాటి సంస్థ వేసిన కేబులుకు మనుమల కాలంలో జవాబు చెప్పవలసి వచ్చింది. ఖర్చు లేదనుకొన్నది ఖర్చు వాయిదా పడడం మాత్రమే.

మన దేశంలో రాగి కేబులు భూమిలో ఎక్కువకాలం అనామకంగా ఉండదు. దానికి ధర పలుకుతుంది కనుక దొంగలు సంస్థ కంటె ముందే చేరుకొంటారు. దొంగిలించిన కేబులు నుండి రాగి తీయడానికి అతి సులభమైన మార్గం దానిని తగులబెట్టడం. ప్లాస్టిక్కు కాలిపోయి తీగ మిగులుతుంది. తొడుగు పి.వి.సి. అయినప్పుడు ఆ పొగలో డయాక్సిన్లు అనే అతి విషపూరిత పదార్థాలు పుడతాయి. రాగి స్వయంగా ఆ రసాయనిక చర్యకు ఉత్ప్రేరకంగా తోడ్పడుతుంది. యంత్రంతో తొడుగును చీల్చి తీగను వేరుచేసినట్లయితే పొగ ఉండదు, రాగి నల్లబడదు, ప్లాస్టిక్కు కూడా మరొక పనికి వస్తుంది. తెలియక తగులబెట్టేవారు కొందరు ఉండవచ్చు. చీల్చే యంత్రానికి పెట్టుబడి కావాలి, నిప్పుకు అగ్గిపుల్ల చాలు. అసలు చిక్కు ఇక్కడ ఉన్నది.

ఇంతవరకు చెప్పుకొన్నవి పాతకాలపు వ్యర్థాలు. సెల్‌ఫోను యుగపు వ్యర్థానికి టవరు పాదం దగ్గరకు వెళ్లాలి. భారతదేశంలో 1995 జూలై 31న కలకత్తా నుండి ఢిల్లీకి మొదటి సెల్‌ఫోను సంభాషణ జరిగింది. మూడు దశాబ్దాలు తిరగకుండానే దేశంలో టవర్ల సంఖ్య 8 లక్షలు దాటింది. టవరు మీది యాంటెన్నాలకు నిరంతరం విద్యుత్తు కావాలి. కరెంటు పోయినా ఫోను మోగవలసిందే. అందుచేత ప్రతి టవరు దగ్గర 48 వోల్టుల బ్యాటరీ వరుస ఉంటుంది. రెండేసి వోల్టుల గడులను 24 కలిపితే 48 వోల్టులవుతాయి. పెద్ద టవరు వద్ద ఈ వరుస బరువు టన్ను వరకు ఉండవచ్చు. ఆ బరువులో సగానికి పైగా సీసమే.

సీసపు బ్యాటరీకి బద్ధశత్రువు వేడి. దాని ఆయువును 27 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద లెక్కకడతారు. ఆ పైన ప్రతి పది డిగ్రీలకు ఆయువు దాదాపు సగానికి తగ్గుతుందని ఇంజనీర్ల అంచనా. రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో బంధించిన బ్యాటరీ గతి ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. దీనికి తోడు గ్రామాలలో కరెంటు రోజుకు అనేకసార్లు పోతూ వస్తూ ఉంటే బ్యాటరీ నిండడం, ఖాళీ కావడం పదేపదే జరుగుతుంది. పదేళ్లు బతకవలసిన బ్యాటరీ మూడు నాలుగేళ్లకే చేతులెత్తేస్తుంది. అనగా వ్యర్థం రెండింతలు, మూడింతలవుతుంది. ఇది బ్యాటరీ దోషం కాదు, దానిని ఉంచిన గది దోషం, దానికి అందిన కరెంటు దోషం.

కనుక బ్యాటరీ వ్యర్థాన్ని తగ్గించదలచిన సంస్థ మొదట చేయవలసినది నీడ కల్పించడం, గాలి ఆడేటట్లు చూడడం, ఛార్జరును సరిగా అమర్చడం. వినడానికి ఇవి చాలా చిన్న విషయాలు. కాని ఏటా వేల టన్నుల సీసాన్ని మిగిల్చేవి ఇటువంటి చిన్న విషయాలే. తొలినాళ్లలో టవరు యంత్రాలను ఎయిర్ కండిషనరు పెట్టిన గదులలో ఉంచేవారు. తరువాత ఆరుబయట నిలిపే యంత్రాలు వచ్చాయి. గది పోయింది, దానితో ఎయిర్ కండిషనరు పోయింది, దానిని నడిపేందుకు కాల్చే డీజిల్ కొంత మిగిలింది. జనరేటరు తక్కువ తిరిగితే దాని నుండి వచ్చే మడ్డినూనె, ఫిల్టర్లు కూడా తగ్గుతాయి. ఆ నూనె చట్టరీత్యా ప్రమాదకర వ్యర్థం. 2012 జనవరిలో కేంద్ర దూరసంచార శాఖ గ్రామీణ టవర్లలో సగం, పట్టణ టవర్లలో ఐదవ వంతు 2015 నాటికి సౌర, పవన శక్తుల వంటి వాటిని విద్యుత్తుతో జోడించి నడపాలని ఆదేశించడంలో ఉద్దేశం ఇదే.

టవర్ల విషయంలో మరొక మంచి మార్పు వ్యాపార కారణాల వల్ల వచ్చింది. మొదట్లో ఏ సంస్థ టవరు దానిదే. ఒకే మేడ మీద మూడు సంస్థల టవర్లు, మూడు జనరేటర్లు, మూడు బ్యాటరీ వరుసలు ఉండేవి. 2007లో మూడు పోటీ సంస్థలు కలిసి ఇండస్ టవర్స్ అనే సంస్థను ఏర్పరచాయి. టవరు ఒకటే, దాని మీద అద్దెకు ఉండే సంస్థలు అనేకం. ఖర్చు తగ్గించుకొనడానికి చేసిన ఈ ఏర్పాటు వలన ఎంత ఉక్కు, ఎంత కాంక్రీటు, ఎంత సీసం ఆదా అయిందో ఆలోచించవచ్చు. పోటీదారులు మార్కెట్టులో తలపడుతూనే టవరు కింద ఒకే కప్పు నీడన ఉండడం విచిత్రమైన దృశ్యమే.

ఎంత జాగ్రత్త పడినా బ్యాటరీ ఒకనాడు చస్తుంది. అప్పుడు దానిని ఏం చేయాలి? ఈ పాఠంలో అన్నిటికంటె శ్రద్ధగా గమనించవలసిన ఘట్టం ఇదే. సీసపు బ్యాటరీ చెత్త కాదు, సొమ్ము. దానిలోని సీసంలో చాలా భాగాన్ని తిరిగి తీయవచ్చు, మళ్లీ బ్యాటరీగా పోత పోయవచ్చు. సక్రమమైన కర్మాగారంలో మూసిన యంత్రంలో బ్యాటరీని పగులగొట్టి, ఆమ్లాన్ని తటస్థీకరించి, కొలిమి పొగను వడపోసి గాని వదలరు. పెరటి కొలిమిలో జరిగేది వేరు. కత్తితోనో గొడ్డలితోనో బ్యాటరీని చీలుస్తారు. గంధకికామ్లం మురుగుకాలువలోకి పోతుంది. సీసపు పలకలను బొగ్గుల మీద కరిగిస్తారు. సీసపు ధూళి గాలిలో లేచి చుట్టుపక్కల మట్టి మీద, బట్టల మీద, అన్నం మీద వాలుతుంది. కొలిమి దగ్గర పనిచేసే తండ్రి సాయంత్రం ఇంటికి వచ్చి బిడ్డను ఎత్తుకొంటే, అతని చొక్కా మీది సీసం బిడ్డ చేతికి అంటుతుంది.

పెద్దల కంటె పిల్లల దేహం సీసాన్ని అధికంగా పీల్చుకొంటుంది. అది ఎదుగుతున్న మెదడును దెబ్బతీస్తుంది; చదువు, జ్ఞాపకశక్తి, ఓర్పు తగ్గుతాయి. పోయినది తిరిగి రాదు. సీసం విషయంలో ఇంతవరకైతే హాని లేదు అని చెప్పదగిన పరిమాణమేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తంలో, అనగా దాదాపు 80 కోట్ల మందిలో, డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉన్నది. వారిలో సుమారు 27 కోట్ల 50 లక్షల మంది భారతదేశపు పిల్లలు. దీనికి ముఖ్యకారణాలలో ఒకటిగా ఆ నివేదిక పేర్కొన్నది సీసపు బ్యాటరీలను అక్రమ పద్ధతిలో కరిగించడాన్ని. ఆ బ్యాటరీలన్నీ టవర్లవి కావు. వాహనాలవి, ఇన్వర్టర్లవి ఎక్కువ. అయినా కొలిమికి ఆ తేడా తెలియదు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉన్నది. సంస్థ తన పాత బ్యాటరీలను వేలం వేస్తుంది. వేలంలో ఎక్కువ పాడినవానికి సరుకు దక్కుతుంది. న్యాయమే కదా అనిపిస్తుంది. కాని ఎక్కువ పాడగలిగేది ఎవరు? పొగ వడపోసే యంత్రం పెట్టినవాడు, ఆమ్లాన్ని శుద్ధి చేసేవాడు, కార్మికులకు ముఖకవచాలు, వైద్యపరీక్షలు ఏర్పాటు చేసినవాడు ఆ ఖర్చులన్నీ పోను మిగిలినదే పాడగలడు. పెరటి కొలిమివానికి ఆ ఖర్చులేవీ లేవు. అతని ఖర్చును పొరుగింటి పిల్లలు చెల్లిస్తున్నారు. కనుక అతడు నాలుగు రూపాయలు ఎక్కువ పాడతాడు. గుమాస్తా నిజాయితీగా లెక్కచూసి, ఎక్కువ ధర ఇచ్చినవానికి సరుకు అప్పగిస్తాడు. ఎవరూ లంచం తినలేదు, ఎవరూ దొంగతనం చేయలేదు, సంస్థ ఖాతాలో లాభం కూడా కనిపిస్తుంది. విషం మాత్రం వెళ్లవలసిన చోటికే వెళ్లింది.

ఈ ముడిని విప్పడానికే 2001లో వచ్చిన బ్యాటరీల నియమాలు ఒక షరతు పెట్టాయి. పెద్ద మొత్తంలో బ్యాటరీలు వాడే సంస్థలు తమ పాత బ్యాటరీలను నమోదైన పునశ్శుద్ధిదారులకే వేలంలో అమ్మాలి. అనగా పాటలో పాల్గొనే అర్హతనే చట్టం పరిమితం చేసింది. 2022 ఆగస్టులో వాటి స్థానంలో వచ్చిన కొత్త నియమాలు మరొక అడుగు ముందుకు వేసి, బ్యాటరీ తయారుచేసినవాడే దానిని తిరిగి సేకరించి శుద్ధి చేయించాలని నిర్దేశించాయి. నియమం మంచిదే. అయితే అర్హత పత్రం ఒకరిది, సరుకు చేరేది మరొకరికి కాకుండా చూడాలంటే లారీ గేటు దాటిన తరువాత కూడా సంస్థ దాని వెంట చూపు సారించాలి. ఎన్ని గడులు పంపాం, ఎన్ని చేరాయి, ఎంత సీసం వచ్చింది అన్న మూడు అంకెలు సరిపోవాలి. బ్యాటరీల బరువు తెలుసు, వాటిలో సీసపు శాతం తెలుసు. లెక్క తప్పితే తెలిసిపోతుంది. ఇది ఇంజనీరు చేయవలసిన పని కాదు. శ్రద్ధగల గుమాస్తా చేయగలడు.

సర్క్యూట్ బోర్డుల కథ కూడా ఇంచుమించు ఇటువంటిదే కనుక క్లుప్తంగా చెప్పుకొందాం. బ్యాటరీలు తీసివేసిన ఒక టన్ను సెల్‌ఫోన్లలో 340 గ్రాముల బంగారం, 130 కిలోల రాగి ఉంటాయని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క. బంగారు గనులలో టన్ను రాయికి దొరికేది సాధారణంగా కొన్ని గ్రాములే. మన కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. కాని పాత బోర్డుల రూపంలో ఒక గని మన ఎక్స్ఛేంజి గిడ్డంగులలోనే ఉన్నది. ఆ ఆశతోనే ఢిల్లీలోని సీలంపూరులో, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదులో పేదలు బోర్డులను కాల్చి, ఆమ్లంలో నానబెట్టి లోహాలను తీస్తూ వచ్చారు. మొరాదాబాదులో ఆ బూడిద రామగంగా నది ఒడ్డున గుట్టలుగా పడింది. దీనికి ప్రత్యామ్నాయంగా బోర్డుల నుండి లోహాలను సురక్షితంగా వేరుచేసే పద్ధతిపై హైదరాబాదులోని చర్లపల్లిలో ఉన్న సి-మెట్ అనే కేంద్రప్రభుత్వ పరిశోధన సంస్థ కృషి చేసింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాల మీద మొదటి నియమాలు 2012 మే నుండి అమలులోకి వచ్చాయి. 2016లో వాటిని సవరించి, 2022లో మళ్లీ తిరగరాశారు. ఇప్పుడున్నవి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నవి.

అయినా బోర్డును కరిగించడం చివరి మార్గమే కావాలి. కరిగించినప్పుడు మిగిలేది లోహం. ఆ బోర్డును తయారుచేయడానికి వెచ్చించిన నీరు, విద్యుత్తు, మానవ శ్రమ అన్నీ ఆవిరవుతాయి. హైదరాబాదులో తీసివేసిన కార్డు శ్రీకాకుళంలోనో, ఆదిలాబాదులోనో ఇంకా నడుస్తున్న అదే రకం యంత్రానికి ప్రాణం పోయవచ్చు. ఇందుకు కావలసినది ఏ గిడ్డంగిలో ఏ కార్డు ఉన్నదో తెలిపే ఒక సరైన పట్టిక. ఐరోపాలోని కొన్ని పెద్ద దూరవాణి సంస్థలు తమ వివిధ దేశాల శాఖల మధ్య ఇటువంటి అంతర్గత అంగళ్లు నడుపుతున్నాయి. కొత్తది కొనే ముందు పాతది మనవద్దే ఎక్కడైనా ఉన్నదా అని చూడడం మన ఇంటి పెద్దలకు తెలిసిన పద్ధతే. సంస్థ పెద్దదయ్యేకొద్దీ అటక ఎక్కడున్నదో ఎవరికీ తెలియకుండా పోతుంది.

సంస్థ తీసుకొనే వ్యాపార నిర్ణయాలు కూడా వ్యర్థాలను పుట్టిస్తాయి. 2002 చివరలో మన దేశంలో సి.డి.ఎం.ఎ. పద్ధతిలో చౌక సెల్‌ఫోను సేవలు విస్తరించాయి. సామాన్యుని చేతికి ఫోను అందడంలో వాటి పాత్ర తక్కువేమీ కాదు. కాని ఆ ఫోన్లలో చాలావాటికి సిమ్ కార్డు ఉండేది కాదు. నంబరు ఫోనులోనే ఇమిడి ఉండేది. ఒక సంస్థ ఫోను మరొక సంస్థ సేవకు పనికిరాదు. తరువాతి కాలంలో ఆ సేవలు ఒకటొకటిగా నిలిచిపోయినప్పుడు, చక్కగా పనిచేస్తున్న ఫోన్లు కూడా ఒక్క రోజులో బొమ్మలయ్యాయి. ఏ సేవకైనా కుదిరే ఫోను అయితే మరికొన్నేళ్లు బతికేది. కోఠీ, ఆబిడ్స్ సందులలో ఫోన్లు బాగుచేసే నిపుణులు ఎందరున్నా వాటికి తిరిగి మాట రప్పించలేకపోయారు.

వినియోగదారుల వద్ద మూలపడిన ఫోన్లను రాబట్టడం వేరొక సమస్య. 2008లో నోకియా సంస్థ 13 దేశాలలో 6,500 మందిని ప్రశ్నించగా, తమ పాత ఫోనును పునశ్శుద్ధికి ఇచ్చినవారు నూటికి ముగ్గురే అని తేలింది. నూటికి 44 మంది ఇళ్లలోనే సొరుగులలో దాచుకొన్నారు. ఆ దాచుకొన్నవాటిని బయటకు రప్పించడానికి జపాను ఒక అందమైన ఉపాయం పన్నింది. టోక్యో ఒలింపిక్ క్రీడల పతకాలన్నిటినీ పాత పరికరాల లోహంతోనే చేస్తామని ప్రకటించి, 2017 ఏప్రిల్ నుండి రెండేళ్లపాటు ఎన్.టి.టి. డొకొమో అనే దూరవాణి సంస్థ దుకాణాలలోను, పురపాలక సంఘాల ద్వారాను సేకరణ జరిపింది. 62 లక్షలకు పైగా ఫోన్లు, వాటితో పాటు వేలాది టన్నుల చిన్న పరికరాలు వచ్చాయి. వాటి నుండి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు లభించాయి. సుమారు 5,000 పతకాలకు అవి సరిపోయాయి. వీధివీధినా దుకాణం ఉన్న దూరవాణి సంస్థకు అమ్మడం ఎంత సులభమో, తిరిగి పుచ్చుకొనడం కూడా అంత సులభమే. మనసు ఉండాలి, ఇచ్చేవానికి ఇవ్వాలనిపించే ఒక కారణం చూపాలి.

కొన్ని సంవత్సరాలుగా టవర్ల కింద సీసపు బ్యాటరీలకు బదులు లిథియం బ్యాటరీలు చేరుతున్నాయి. అవి తేలిక, వేడికి కొంత మెరుగుగా ఓరుస్తాయి, ఎక్కువకాలం నడుస్తాయి. సీసం బెడద తప్పినట్లే. అయితే టవర్లలో ఎక్కువగా వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. సెల్‌ఫోను బ్యాటరీలో ఉండే ఖరీదైన కోబాల్టు దీనిలో ఉండదు. ఇనుము, ఫాస్ఫేట్లు చౌక. కనుక పాడైన ఈ బ్యాటరీకి తుక్కు మార్కెట్టులో సీసపు బ్యాటరీకి వచ్చినంత ధర రాదు. దానిని దొంగిలించడానికి ఎవరూ రారు, వేలంలో నాలుగు రూపాయలు ఎక్కువ పాడడానికీ ఎవరూ ఎగబడరు. సరిగా భద్రపరచకపోతే నిప్పంటుకొనే ప్రమాదం మాత్రం ఉన్నది. సీసపు బ్యాటరీని అమ్మి సొమ్ము చేసుకొన్న సంస్థే, ఈ బ్యాటరీని తీసుకొనిపొమ్మని శుద్ధిదారునికి ఎదురు సొమ్ము ఇవ్వవలసి రావచ్చు. కొత్త బ్యాటరీ కొనేనాటి ఒప్పందంలోనే ఆ ఖర్చు ఎవరిదో రాసుకొన్న సంస్థకు అప్పుడు తడుముకొనవలసిన పని ఉండదు.